బండిలో వేణ్ణీళ్ళు

బండి సంగతులు: పాఠకుల ప్రశ్నలకు ఆటోనగర్ మెకానిక్ జవాబులు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగం స్నానం గురించే. మైలేజీ రావట్లేదని గొడవ పెట్టేవాళ్ళు, ఏ ఇంజన్ ఆయిల్ పోయాలని అడిగేవాళ్ళు ఈసారి పక్కకి తప్పుకున్నారు. కార్తీకమాసం వస్తోంది, వెనకే చలి వస్తోంది. సీట్లు పీకించి మంచాలు వేయించుకుని ఊళ్ళు తిరిగే సరదా మన బెజవాడ, గుంటూరుల్లో కూడా బాగానే పెరిగింది. అందరికీ కలిపి ఒకేసారి చెప్పేస్తే పోతుందని, మిగతా ఉత్తరాలు వచ్చే నెలకి ఉంచాను.

కొత్తగా చదివేవాళ్ళకి నా సంగతి. మా నాన్నది విజయవాడ ఆటోనగర్లో రేడియేటర్ల మంట పని. నేను ఆ కొట్లోనే పెరిగాను, ఆ కొట్లోనే ఉన్నాను. ఇంజన్ వేడితో నీళ్ళు కాచే టాంకులు ఇప్పటికి పద్నాలుగు బళ్ళకి బిగించాను. పదమూడు బాగున్నాయి. ఒకటి కొంప ముంచింది. దాని సంగతీ చెబుతాను, దాచుకుంటే అదే తప్పు మీ బండి మీదకి వస్తుంది.

ప్రశ్న: మాది పాత పన్నెండు సీట్ల ట్రావెలర్ వ్యాన్. రెండు మంచాలు, చిన్న సింకు, వెనకాల స్నానానికి ఫైబర్ తొట్టి పెట్టించాం. డిసెంబరులో లంబసింగి, అటునుంచి అరకు వెళ్దామని ఉంది. మా ఆవిడకి మోకాళ్ళ నొప్పులు, చన్నీళ్ళు పడవు. ఇంజన్ వేడితోనే నీళ్ళు కాగే ఏర్పాటు ఉందని విన్నాం. అది ఎలా పనిచేస్తుంది? ఇంట్లో పాత గీజర్ ఉంది, దాని టాంకులో రాగి చుట్ట పెట్టించి వాడుకోవచ్చా? ఇంజన్‌కి ఏమైనా ప్రమాదమా?
ఒక రిటైర్డ్ లెక్కల మేస్టారు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మేస్టారూ, మీ వయసువాళ్ళకి ఇది చెప్పడం తేలిక. మీ చిన్నప్పుడు దొడ్లో రాగి బాయిలర్ ఉండే ఉంటుంది. నడుమ గొట్టంలో బొగ్గులు, చుట్టూ నీళ్ళు, పక్కన కుళాయి. బండిలో టాంకూ అంతే. బొగ్గుల గొట్టం ఉండాల్సిన చోట రాగి పైపు చుట్ట ఉంటుంది (గుంటూరువాళ్ళకి చుట్ట అంటే వేరే గుర్తొస్తుందేమో, ఇది కాల్చేది కాదు). ఆ చుట్ట లోపల ఇంజన్ కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే మందు కలిపిన నీళ్ళు) తిరుగుతుంది, బయట మీ స్నానం నీళ్ళు ఉంటాయి. రాగి గోడ దాటి వేడి ఒక్కటే ఇవతలికి వస్తుంది. ఆ నీళ్ళూ ఈ నీళ్ళూ కలవకూడదు. మొత్తం పనిలో నేను భయపడేది ఈ ఒక్క విషయానికే.

వేడి ఎక్కణ్ణుంచి వస్తుందంటారా? మీరు పోయించే డీజిల్లో సుమారు మూడో వంతే బండిని లాగడానికి పనికొస్తుంది. ఇంకో మూడో వంతు సైలెన్సర్ పొగలో పోతుంది. మిగిలిన దాన్ని రేడియేటర్ దారి పొడుగునా గాలికి ధారపోస్తుంది. మనం తీసుకునేది ఆ గాలికి పోయేదాంట్లోంచే కాబట్టి దానికి వేరే డీజిల్ ఖర్చు కాదు. ఇదే మాట ఇంకో ముగ్గురు అడిగారు, వాళ్ళకీ ఇదే జవాబు.

లెక్క లేకుండా మీకు నచ్చదని తెలుసు. లీటరు నీళ్ళు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.2 కిలోజౌళ్ళు కావాలి. 20 లీటర్లని 25 డిగ్రీల నుంచి 75కి తేవాలంటే 4,200. కరెంటు మీటరు భాషలో 1.17 యూనిట్లు. రెండు కిలోవాట్ల గీజర్‌కి 35 నిమిషాల పని. హైవే మీద పరిగెత్తే డీజిల్ ఇంజన్ రేడియేటర్లో పారేసేది అంతకి ఎన్నో రెట్లు, కాబట్టి వేడికి కొదవ లేదు. నా సొంత బండిలో 20 లీటర్ల టాంకు ఉంది. ఆటోనగర్ గేటు దగ్గర బయల్దేరితే హనుమాన్ జంక్షన్ వచ్చేసరికి నీళ్ళు చెయ్యి పెట్టలేనంతగా కాగిపోతాయి. నిలబెట్టిన బండిలో ఇంజన్ ఆన్ చేసి కూర్చుంటే మాత్రం గంటైనా కాగవు. డీజిల్ ఇంజన్ ఖాళీగా తిరిగేటప్పుడు పెద్దగా వేడెక్కదు. డీజిలూ దండగ, పక్కవాళ్ళకి పొగ.

20 లీటర్లు చాలవేమో అని మీరు అనుకోవచ్చు. చాలతాయి. 75 డిగ్రీల నీళ్ళు ఒంటి మీద పోసుకోలేం కదా, తొరుపుకోవాలి. లంబసింగిలో డ్రమ్ము నీళ్ళు 15 డిగ్రీలున్నాయి అనుకుందాం. 40 డిగ్రీలకి తొరిపితే 20 లీటర్లు 48 లీటర్లవుతాయి, అంటే మూడు బకెట్లు. పొద్దున్నకి వేడి నిలుస్తుందా అంటే, పోయిన చలికాలం అక్కడే చూశాను. రాత్రి తొమ్మిదింటికి 74, పొద్దున్న ఆరింటికి 57. ఆ 57తో కూడా రెండు నిండు బకెట్లు వస్తాయి. మీ దంపతులిద్దరికీ సరిపోతాయి, చెంబుతో పోసుకుంటే. షవర్ పెట్టించారంటే మొదటివాళ్ళతోనే అయిపోతాయి. షవర్లు పెట్టించుకున్నవాళ్ళని చూశాను, అందరూ నెల తిరక్కుండా బకెట్టూ చెంబూ కొనుక్కున్నారు.

ఇక మీ పాత గీజర్. వద్దండి. చాలా గీజర్ల లోపల గాజు పూత ఉంటుంది. గోడకి కదలకుండా వేలాడినన్నాళ్ళు అది బాగానే ఉంటుంది. బండి కుదుపులకి పెచ్చులూడుతుంది, ఊడిన చోట తుప్పు మొదలవుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. గీజర్ మూత తీస్తే ఉండే చిన్న కంతలోంచి పూర్తి చుట్ట దూరదు. ముక్కలు చేసి దూర్చి లోపల అతకాలి. టాంకు లోపల చుట్టకి ఒక్క అతుకు కూడా ఉండకూడదు. ఒకే పైపు లోపలికి వెళ్ళి ఆరు మీటర్లు తిరిగి బయటికి రావాలి, అతుకులన్నీ బయట కంటికి కనపడాలి. రేపు కారితే బయట కారుతుంది, మీ ఒంటి మీద కాదు.

స్టీలు టాంకు చేయించండి. మన బోరు నీళ్ళలో ఉప్పు ఉంది కాబట్టి 304 రకం కాకుండా 316 అడగండి. వేడి ఉప్పు నీళ్ళకి 304 సూది మొనంత బొక్కలు పడుతుంది. ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాడి దగ్గరే చేయించండి. చుట్ట టాంకులోకి వెళ్ళక ముందే గాలి ఎక్కించి నీళ్ళ తొట్టిలో ముంచండి. పంక్చర్ షాపులో ట్యూబు ముంచుతారే, అచ్చం అలాగే. పది నిమిషాలు ఒక్క బుడగ రాకూడదు. టాంకుని మాత్రం గాలితో పరీక్ష చేయొద్దు, విడిపోతే బాంబే. నిండా నీళ్ళు నింపి చేతి పంపుతో ఒత్తిడి పెట్టి, రాత్రంతా ఉంచి పొద్దున్న ప్రెషర్ మీటరు ముల్లు దిగిందేమో చూడాలి. బయట కనీసం అంగుళం పైన ఫోమ్ తొడుగు ఉండాలి.

ఇంజన్ దగ్గర ఎక్కడ కలపాలన్నది అసలు మెకానిక్ పని. కొంతమంది రేడియేటర్ లావు పైపుని కోసి ‘T’ ఆకారం జాయింటు పెట్టేస్తారు. అది తప్పు. థర్మోస్టాట్ (ఇంజన్ కాగేదాకా రేడియేటర్ దారి మూసి ఉంచే వాల్వు) తెరుచుకునేదాకా ఆ పైపులో వేడి నీళ్ళు రావు, పైగా ఇంజన్‌ని చల్లబరిచే ముఖ్యమైన దారికి మీరే అడ్డం పడినట్టు. క్యాబిన్ హీటర్‌కి వెళ్ళే సన్న లైను ఉంటుంది చూడండి, దాంట్లో కలపాలి. అది హెడ్ (ఇంజన్ పై భాగం) దగ్గర బయల్దేరి తిరిగి వాటర్ పంపు పీల్చే వైపుకి చేరుతుంది, కాబట్టి ఇంజన్ తిరుగుతున్నంతసేపూ అందులో ప్రవాహం ఉంటుంది. మీ బండిలో హీటర్ లేకపోతే హెడ్ మీద ఆ చోట ప్లగ్ బిగించి ఉందేమో ముందు వెతికించండి. హోస్ పైపు 16 మిల్లీమీటర్ల హీటర్ హోసే వాడాలి. మొక్కలకి నీళ్ళు పెట్టే పైపు వేసుకొచ్చినవాణ్ణి ఒకణ్ణి చూశాను. మెత్తబడి అరటిపండు తొక్కలా వేలాడుతోంది.

ఇంజన్ దగ్గర, పోయే లైనుకొకటి, వచ్చే లైనుకొకటి, రెండు బాల్ వాల్వులు తప్పకుండా పెట్టించండి. మూడు ఉపయోగాలు. దారిలో వెనక పైపు పగిలితే రెండూ మూసేసి, కూలెంట్ నింపుకుని ఇంటికి రావచ్చు. రాత్రి బండి ఆపాక మూసేస్తే టాంకులో వేడి చుట్టలోంచి వెనక్కి నడిచి చల్లబడ్డ ఇంజన్‌లోకి పోకుండా ఉంటుంది (నా 57 డిగ్రీల రహస్యం అదే). మూడోది ఎండాకాలం. చల్లటి దేశాల్లో బండ్లలో ఈ లైను ఏడాదంతా తెరిచే ఉంచుతారేమో గానీ, మే నెలలో బెజవాడలో 80 డిగ్రీల పైపు మంచం కింద నుంచి పోతుంటే ఆ బండిలో మనిషి పడుకోగలడా? మార్చిలో మూసి, కార్తీకంలో తెరవండి.

ఇప్పుడు నా కొంప మునిగిన కథ. ఒక కుటుంబం బండికి టాంకు బిగించి, పని చూసినట్టూ ఉంటుంది, మల్లన్న దర్శనమూ అవుతుందని నేను కూడా వాళ్ళతో శ్రీశైలం బయల్దేరాను. దోర్నాల దాటి ఘాట్ ఎక్కుతున్నాం. టెంపరేచర్ ముల్లు సగం దాటి కొంచెం పైకి పోయింది. నాకు లోపల టెన్షన్. కాసేపటికి ముల్లు తనంతట తానే కిందకి దిగడం మొదలుపెట్టింది. సగానికొచ్చింది, ఇంకా దిగింది. నేను గొప్పగా, "చూశారా, టాంకు వేడిని లాక్కుంటోంది, ఇంజన్ చల్లబడింది" అన్నాను. వెనక సీట్లోంచి పెద్దావిడ "మల్లన్న దయ" అంది. ఇంకో రెండు మలుపులు తిరిగామో లేదో బండికి లాగుడు పోయింది, ఇంజన్ టకటకా కొట్టుకుని ఆగిపోయింది. బానెట్ ఎత్తితే ఆవిరి కూడా లేదు. ఆవిరి రావడానికి లోపల నీళ్ళుంటే కదా. సెన్సార్ నీళ్ళలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్ళు పోయాక అది ఖాళీలో వేలాడుతూ, చల్లగా ఉందని చెబుతుంది.

బండి కిందకి దూరి చూశాను. ఛాసిస్ అడ్డ పట్టీ కంతలోంచి హోస్ దూర్చిన చోట ఇనుప అంచు రబ్బరుని ఒరుసుకుని ఒరుసుకుని, బ్లేడుతో గీసినట్టు రెండు అంగుళాల చీలిక. గ్రోమెట్ (కంత అంచుకి తొడిగే రబ్బరు రింగు) వేయలేదు. కంత నునుపుగానే ఉంది కదా అనుకున్నాను. హెడ్ గ్యాస్కెట్ పోయింది, హెడ్ వంగింది, దాన్ని చదును చేసే ఫేసింగ్ కొట్టించాల్సి వచ్చింది. ఖర్చు నేనే పెట్టుకున్నాను. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే అదే. ఆ రోజు నుంచి ఇనుము దాటే ప్రతి చోటా గ్రోమెట్టు, దాని మీద ఇంకో లావు హోస్ ముక్క తొడుగు, అడుగుకో క్లిప్పు. కూలెంట్ బాటిల్లో లెవెల్ తగ్గితే కుయ్యిమనే సెన్సార్ కూడా పెడుతున్నాను. అది ముల్లులా మోసం చేయదు.

పని అయ్యాక గాలి తీయడం ఇంకో పని. రానూ పోనూ పది మీటర్ల హోసూ చుట్టా కలిపి రెండున్నర లీటర్ల కూలెంట్ అదనంగా పడుతుంది. ముందు చక్రాలు దిమ్మల మీదకి ఎక్కించి, చల్లటి ఇంజన్ మీదే రేడియేటర్ మూత తీసి, రెండు వాల్వులూ తెరిచి స్టార్ట్ చేయాలి. పోయే పైపూ వచ్చే పైపూ రెండూ సమానంగా వేడెక్కేదాకా కూలెంట్ నింపుతూ ఉండాలి. ఒకటే వేడెక్కిందంటే గాలి అడ్డం ఉన్నట్టు. చుట్ట పై వంపు రేడియేటర్ మూత కన్నా ఎత్తులో ఉంటే ఈ గాలి ఎంత తీసినా పోదు, కాబట్టి టాంకు నేల మీదే పెట్టించండి.

స్నానం నీళ్ళ వైపు రెండే రెండు. ఒకటి సేఫ్టీ వాల్వు. 20 లీటర్లు కాగితే అర లీటరు దాకా పెరుగుతాయి, ఆ అర లీటరు ఎక్కడికో పోవాలి. వాల్వు పైపుని బండి కిందకి వదలండి. చుక్కలు పడుతుంటే కారుతోందని కంగారు పడొద్దు. రెండోది మిక్సింగ్ వాల్వు. మన పెద్దవాళ్ళు వేణ్ణీళ్ళకి చన్నీళ్ళు తోడు అన్నది ఇంకో సందర్భంలోనే గానీ, ఇక్కడ అక్షరాలా ప్రాణావసరం. 60 డిగ్రీల నీళ్ళు ఐదారు సెకన్లు పడితే చర్మం కాలిపోతుంది, 75 అయితే ఆ మాత్రం టైము కూడా ఇవ్వదు. కుళాయి దగ్గరకి వచ్చేసరికి 45 దాటకుండా ఆ వాల్వు తనే తొరిపి పంపుతుంది. నాకెందుకులే, చేత్తో చూసుకుంటాను అనుకుంటారు మీరు. మనవలు వస్తారు కదా, వాళ్ళు చూసుకోరు.

ఆర్‌సీ సంగతి కూడా ఒక ముక్క. సీట్లు తీసి మంచాలు వేయించానని రాశారు. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని మార్చే ముందు అనుమతి తీసుకుని, ఆ మార్పు ఆర్‌సీలో ఎక్కించుకోవాలి. అది కాకపోతే ముందు రవాణా ఆఫీసులో ఆ పని చూసుకుని, తర్వాత నా దగ్గరకి రండి.

ప్రశ్న: మా వ్యాన్‌లో 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్) బ్యాటరీ, పెద్ద ఇన్వర్టర్ ఉన్నాయి. ఇంజన్‌ని కెలకడం మా వారికి ఇష్టం లేదు. 15 లీటర్ల కరెంటు గీజర్ పెట్టుకుంటే సరిపోదా?
ఒక పాఠకురాలు, పటమట, విజయవాడ

జవాబు: అమ్మా, మీ వారి భయం అర్థం చేసుకోదగ్గదే, పైన నా కథ చదివితే ఇంకా పెరుగుతుంది. కానీ బ్యాటరీతో ఆ పని కాదు. 2,000 వాట్ల గీజర్ 12 వోల్టుల బ్యాటరీ నుంచి లాగేది 167 ఆంపియర్లు, ఇన్వర్టర్ తినేది కలిపితే ఇంకా ఎక్కువ. ఆ లాగుడికి తీగలు వేడెక్కుతాయి. 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీని చెడగొట్టకుండా వాడుకోగలిగేది సగం, అంటే 0.9 యూనిట్. 15 లీటర్లని 20 నుంచి 55 డిగ్రీలకి తేవడానికే, ఇన్వర్టర్ తినేది కలిపితే, ముప్పాతిక యూనిట్ దాకా పోతుంది. ఒక్కరి స్నానం, ఆ తర్వాత ఫ్యానూ లైటూ లేని రాత్రి.

నా సలహా వేరు. ఇంజన్‌తో కాగే టాంకులోనే 750 వాట్ల చిన్న ఎలిమెంట్ కూడా పెట్టించండి. బండి నడిచిన రోజు ఇంజన్ కాస్తుంది. రెండు మూడు రోజులు ఒకే చోట ఆగితే, అక్కడ గెస్ట్‌హౌస్ ప్లగ్గులోంచి వైరు లాక్కుంటే ఎలిమెంట్ కాస్తుంది. ఎర్తింగ్, ట్రిప్ అయ్యే స్విచ్ మాత్రం మర్చిపోవద్దు, తడి కాళ్ళతో నిలబడేది మీరే.

ప్రశ్న: వేరే చోట ఈ టాంకు బిగించారు. గుంటూరు నుంచి ఒంగోలు వెళ్ళొచ్చినా నీళ్ళు గోరువెచ్చగా తప్ప కాగడం లేదు. టాంకు మార్చాలంటున్నారు.
ఒక పాఠకుడు, మంగళగిరి

జవాబు: టాంకు మార్చకండి. మీ ఇంజన్‌లో థర్మోస్టాట్ లేదని నా పందెం. మన వైపు ఇదొక జబ్బు. బండి వేడెక్కుతోందని ఎవరైనా వస్తే, రేడియేటర్ కడగడం, బెల్టు చూడటం మానేసి ముందు థర్మోస్టాట్ పీకి పారేస్తారు. ఎండాకాలం తాత్కాలికంగా బాగున్నట్టే ఉంటుంది. థర్మోస్టాట్ 82 డిగ్రీలో 88 డిగ్రీలో, దాని మీద రాసి ఉన్న వేడికి వచ్చేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌కి పోనివ్వదు. అది లేకపోతే స్టార్ట్ చేసిన క్షణం నుంచీ రేడియేటర్ చల్లబరుస్తూనే ఉంటుంది. ఇంజన్ చలికి వణుకుతూ నడుస్తుంది, డీజిల్ ఎక్కువ తాగుతుంది, అరుగుదలా ఎక్కువే. ఇంజనే కాగకపోతే మీ నీళ్ళెలా కాగుతాయి?

పొద్దున్నే చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసి రేడియేటర్ పై పైపు మీద చెయ్యి వేయండి. మొదటి కొన్ని నిమిషాలు చల్లగా ఉండి, తర్వాత ఒక్కసారిగా వేడెక్కితే థర్మోస్టాట్ ఉన్నట్టు. మొదటి నుంచీ మెల్లమెల్లగా వెచ్చబడితే లేనట్టు. ఫ్యాన్ రెక్కలకి దూరంగా, కొంగూ కండువా లేకుండా చూడండి.

ప్రశ్న: గ్యాస్ గీజర్ చవక కదా, వ్యాన్‌లో పెట్టుకుని కిటికీ తీసి ఉంచితే సరిపోదా?
ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దు. గ్యాస్ సరిగ్గా మండకపోతే వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. ఇళ్ళల్లో, ఇంతకన్నా పెద్ద బాత్రూముల్లోనే ప్రాణాలు తీసింది. వ్యాన్ అగ్గిపెట్టంత. పైగా చలికి ఆ కిటికీ ఎవరో ఒకరు మూసేస్తారు.

ప్రశ్న: సైలెన్సర్ ఇంకా వేడిగా ఉంటుంది కదా, దాని చుట్టూ రాగి పైపు చుట్టి నీళ్ళు పంపితే ఇంజన్‌ని ముట్టుకోకుండానే పనైపోతుంది కదా?
ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, గుణదల

జవాబు: ఆలోచన బాగుంది బాబూ, పరీక్షలో రాస్తే మార్కులు పడతాయి. కూలెంట్ మహా అయితే 90 చిల్లర డిగ్రీలు. సైలెన్సర్ పైపు వందల డిగ్రీలు. నీళ్ళు కదలకుండా ఆగిన క్షణం ఆ పైపులో ఆవిరి పుడుతుంది, దాన్ని ఆపే థర్మోస్టాట్ దానికి లేదు. చేయొద్దు.

ప్రశ్న: రెండేళ్ళ క్రితం బిగించిన టాంకు. ఈమధ్య కూలెంట్ బాటిల్ ఒకసారి నిండిపోయి పొంగింది, తర్వాత వారానికి అడుగంటింది. కింద ఎక్కడా కారడం లేదు. వేణ్ణీళ్ళు బకెట్లో పడితే లేత ఆకుపచ్చగా అనిపిస్తున్నాయి, మా అబ్బాయి తియ్యటి వాసన అంటున్నాడు. వాడుకోవచ్చా?
ఒక పాఠకుడు, చిలకలూరిపేట

జవాబు: ఈ ఉత్తరం రాగానే ఫోన్ చేసి చెప్పాను, అయినా అందరికీ తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. ఆ నీళ్ళు ఒక్క చెంబు కూడా వాడొద్దు. మీ చుట్టకి చిల్లు పడింది.

పొంగడం, అడుగంటడం రెండూ ఒకే చిల్లు పని. మీ నీళ్ళ పంపు నడిచేటప్పుడు స్నానం నీళ్ళ వైపు ఒత్తిడి రెండున్నర బార్ (బార్ అంటే ఒత్తిడి కొలత) దాకా ఉంటుంది, కూలెంట్ వైపు వేడి మీద ఒక బార్ చుట్టుపక్కల. అప్పుడు స్నానం నీళ్ళు కూలెంట్‌లోకి దూరి బాటిల్ పొంగుతుంది. పంపు కట్టేసి కుళాయి తెరిస్తే ఇటు ఒత్తిడి పోతుంది, అటుది మిగులుతుంది. అప్పుడు కూలెంట్ మీ బకెట్లోకి వస్తుంది.

మామూలు కూలెంట్లో ఉండేది ఎథిలీన్ గ్లైకాల్. విషం. తియ్యగా ఉండటమే దాంతో ఉన్న పెద్ద దరిద్రం, పిల్లలు, కుక్కలు రుచి చూస్తాయి. ఇంట్లో ఎవరైనా ఆ నీళ్ళు తాగినా, దాంతో టీ కాచుకున్నా, ఒంట్లో బాగానే ఉందని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్ళి కూలెంట్ కలిసిన నీళ్ళని చెప్పండి. లక్షణాలు ఆలస్యంగా బయటపడతాయి. టాంకు బాగున్న రోజుల్లో కూడా ఆ కుళాయి నీళ్ళు స్నానానికి, గిన్నెలు తోమడానికే. వంటకీ తాగడానికీ వేరే క్యాన్ పెట్టుకోండి. ఈ టాంకు ఉన్న బళ్ళకి తక్కువ విషం ఉండే ప్రొపిలీన్ గ్లైకాల్ కూలెంటే పోయించమని నేను చెబుతున్నాను. రెండు రకాలూ కలపొద్దు, పాతది పూర్తిగా కడిగించాకే కొత్తది.

ప్రస్తుతానికి ఇంజన్ దగ్గర వాల్వులు రెండూ మూసేయండి. వాల్వులు పెట్టలేదని మీరు ఫోన్‌లో అన్నారు కాబట్టి, దగ్గర్లో మెకానిక్ చేత టాంకు లైను రెండు కొసలూ ఊడదీయించి, ఇంజన్ వైపు పోయే లైనునీ వచ్చే లైనునీ ఒక చిన్న హోస్ ముక్కతో నేరుగా కలిపించండి. పాత కూలెంట్ మొత్తం తీయించి, లోపల కడిగించి, కొత్తది పోయించండి. మీ బోరు నీళ్ళు దాంట్లో కలిశాయి, అలాగే నడిపితే రేడియేటర్ లోపల గార కడుతుంది. బండి మామూలుగా తిరుగుతుంది. టాంకు విప్పి ఆటోలో వేసుకుని మా కొట్టుకి తీసుకురండి, చుట్ట బయటికి తీసి తొట్టిలో ముంచి చూద్దాం. ఆదివారం రావద్దు, కొట్టు తీయం.